ఎల్లిసమ్మ ఊరి పిట్ట

ఆ యేడు మెదక్‌లో దసరాకు పాలపిట్టను చూపించేవాడు లేకుండా పోయాడు. లేకుండా పోయాడని ఊరు అనుకుంది. ఆయన మా కట్టెల అర్రలో కూర్చుని మా అమ్మ చేసిన జొన్నరొట్టె తింటున్నాడని మా ఇంట్లో ముగ్గురికే తెలుసు.

మిలిటరీ వచ్చి, రజాకార్ల పీడ విరగడై అప్పటికి నెల తిరగలేదు. అంతా చల్లబడిందని రేడియోలో చెప్పారట. ఎక్కడ చల్లబడిందో మాకైతే తెలియదు. శంకరంపేట వైపు పల్లెల్లో ఫలానా బావి నీళ్ళు తాగొద్దని ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. నిన్నటిదాకా ఖాకీ తొడుక్కుని తుపాకులు పట్టి తిరిగినవాళ్ళు ముందే పారిపోయారు. పారిపోవలసిన అవసరం తమకేముందనుకున్న మామూలు ముసల్మానులు దొరికారు. నువ్వేం చేశావని వాళ్ళను నిలబెట్టి అడిగే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు.

మేము మిషన్ కాంపౌండులో ఉండేవాళ్ళం. బంగళా వెనక పనివాళ్ళ ఇళ్ళు వరుసగా ఉండేవి, అందులో చివరిది మాది. మా అమ్మ సువార్తమ్మ బంగళాలో వంట చేసేది. నాన్న లేడు. మా అన్న లాజరు శంకరంపేట అవతల ఒక పల్లెలో మిషన్ బడి పంతులు. నేను నవోమిని. ఏడో తరగతి అయ్యాక నన్ను నర్సు పనికి పంపాలా, పెళ్ళి చేయాలా అని అమ్మ తేల్చుకునేలోగా రెండూ కాకుండా అంట్లు తోముతూ ఉండిపోయాను.

అన్న గురించి చెప్పాలి. గుడిలో పాట ఎత్తుకోవాలంటే లాజరే ఎత్తుకోవాలి, అంత మంచి గొంతు. ఆ ఎండాకాలంలో రజాకార్లు ఆ పల్లె మీద పడ్డారు. ఆడవాళ్ళూ పిల్లలూ బడిలో దూరి గడియ పెట్టుకుంటే అన్న తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. తియ్యమంటే తియ్యనన్నాడు. తుపాకి మడమతో మూతి మీద కొట్టారు. ఇంతలో ఎవరో ఈల ఊదితే వాళ్ళు ఇంకో వాడకు పరుగెత్తారు, అందుకని తలుపు మిగిలింది. అన్న ముందు పండ్లు మాత్రం పైవీ కిందివీ పోయాయి. దవఖానాలో దవడ అతికించారు కానీ మాట అతకలేదు. ఏ అక్షరం పలికినా గాలి పోయేది. బడిలో పిల్లలకు ఒత్తులు నేర్పినవాడు తన పేరు తాను తిన్నగా చెప్పుకోలేకపోయేవాడు. అప్పటినుంచి అన్న ఇంట్లో తప్ప నోరు విప్పలేదు. బయటివాళ్ళు పలకరిస్తే తల ఊపి గోడవైపు తిరిగేవాడు. గుడికి రావడం మానేశాడు. ఆ కొట్టినవాళ్ళలో ఒకడి పేరు చాంద్. చిడీమార్ దస్తగిరి కొడుకు.

దస్తగిరి పిట్టలు పట్టి బతికే మనిషి, చిడీమార్ అంటే అదే. భుజం మీద కర్ర, కర్రకు ఆ కొసా ఈ కొసా పంజరాలు. ఆయన పొదలో కూర్చుని ఈల వేస్తే కౌజుపిట్టలు తమవాళ్ళెవరో పిలుస్తున్నారనుకుని నడుచుకుంటూ వచ్చి ఉచ్చులో కాలు పెట్టేవి. వారానికోసారి బంగళా వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి అమ్మకు కౌజులు అమ్మేవాడు. దసరా వచ్చిందంటే ఆయన దర్జా వేరు. ఒక పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. పండగనాడు పాలపిట్ట కంటబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం కదా. పొలాల వెంట తిరిగే ఓపిక లేని పెద్దమనుషులు అరుగు మీదే కూర్చుని చూసి దండం పెట్టుకుని ఇనాం ఇచ్చేవాళ్ళు. ఆయన నమాజు చేసుకునే మనిషి. హిందువులకు శుభం మోసుకొచ్చేవాడు. అందులో వింత ఉందని అప్పట్లో ఎవరికీ తోచలేదు. పొద్దుగూకాక ఆ పిట్టను వదిలేసి, దీని నౌకరి అయిపోయింది అనేవాడు.

నాకు ఈల వేయడం నేర్పింది ఆయనే. నా చిన్నప్పుడు, అమ్మ కౌజులను ఏరుకుంటున్నంతసేపూ నాలుక ఎట్లా మడవాలో చూపిస్తూ కూర్చునేవాడు. అమ్మ విని నా వీపు విమానం మోత మోగించింది. ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి అరిష్టమట. మనం క్రైస్తవులం, మనకు అరిష్టాలేమిటని అడిగితే ఇంకో రెండు పడ్డాయి.

మిలిటరీ వచ్చిన తర్వాత ఒక సాయంత్రం ఆయన ఎప్పటిలాగే వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. భుజాన కర్ర ఉంది, రెండు పంజరాలూ ఉన్నాయి, వాటిలో ఏమీ లేదు. చొక్కా ఒక పక్క మాడిపోయి పొగ వాసన వేస్తోంది.

"సువార్తమ్మా, ఇయాల పిట్టలు లెవ్వు" అన్నాడు.

అమ్మ ఆయన వెనక దారివైపు ఒకసారి చూసి, చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని, మా ఇంటివైపు నడవమని తల ఊపింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తగవు పడింది. గొంతులు మాత్రం లేవలేదు, లేస్తే పక్కింటికి వినబడుతుంది.

"ఎవల్ని తెచ్చి ఇంట్ల వెట్టినవో ఎరుకేనా?" అన్నాడు అన్న.

"ఎరుకే."

"నా నోరు జూడు."

"రోజు జూస్తనే ఉన్న బిడ్డా. నీకు జావ కాసి పోసేది నేనే గద. నిన్ను ఈయన కొట్టిండా?"

"ఈయన కొడుకు."

"కొడుకు వచ్చిన్నాడు మాట్లాడుకుందాం. వచ్చింది తండ్రి."

"ఆయనుంటె నేనుండ."

"నువ్వూ ఉంటవు, ఆయన గూడ ఉంటడు. కట్టెల అర్రల నీకేం పని?" అంది అమ్మ.

అన్న గిన్నె పక్కకు నెట్టి లేచాడు. ఎక్కడికీ పోలేదు, ముందు అర్రలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడకు అవతలే కట్టెల అర్ర.

మనిషిని దాచడం ఒక ఎత్తు, అతనికి తిండి పెట్టడం ఇంకో ఎత్తు. గింజలు దొరకని రోజులు. మా ముగ్గురి వాటా బియ్యం ఎంతో వరుస ఇళ్ళన్నింటికీ తెలుసు, ఎక్కువ కొంటే ఎందుకని అడుగుతారు. మా వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి దేవుని కుండలో వేస్తారు, ఆదివారం దాన్ని గుడికి ఇస్తారు. కరువులో కూడా అమ్మ ఆ గుప్పెడు మానలేదు. ఇప్పుడు ఆ కుండలో చెయ్యి పెట్టింది. ఆదివారం బియ్యం పోగుచేయడానికి వచ్చిన యేసమ్మ కుండను ఎత్తి చూసి, ఈసారి తేలికగా ఉందేమని నవ్వుతూనే అడిగింది. ఎలుకలు పడ్డాయంది అమ్మ. ఆమె వెళ్ళాక చాలాసేపు ఆ ఖాళీ కుండ ముందు కూర్చుంది. మోకరిస్తుందేమో అనుకున్నాను. లేచి బంగళాకు పోయింది.

పిట్ట వచ్చింది ఆ వారంలోనే.

మొదట చూసింది నేను. బంగళా ముందు గడ్డిలో, వాన వెలిసిన పొద్దున, గోరింక కంటే కొంచెం పెద్దది ఒకటి నాలుగడుగులు పరుగెత్తి ఆగుతోంది. తల పక్కకు వంచి నేలలోకి చెవి పెట్టినట్టు నిలబడి, ముక్కుతో గుచ్చి వానపామును సాగదీసి లాగుతోంది. వీపు బూడిద రంగు, తల నలుపు, ముక్కు పసుపు. రొమ్ము మాత్రం కాలిన ఇటుక రంగు, కంటి చుట్టూ తెల్లని గీత అక్కడక్కడ తెగి ఉంది. ఏదో కొత్త పిట్ట అనుకుని నా బిందె నేను ఎత్తుకున్నాను. అంతలో వరండాలో టీ కప్పు పడి పగిలిన చప్పుడైంది.

వరండాలో ఎల్లిసమ్మ నిలబడి ఉంది. కాంపౌండులో తక్కిన దొరలందరూ ఇంగ్లాండు వాళ్ళు, ఈమె ఒక్కతే అమెరికా మనిషి. ఇళ్ళు కాలి మా కాంపౌండుకు చేరిన పల్లె జనానికి మందులిచ్చి కట్లు కట్టడానికి బీదరు వైపు మిషన్ నుంచి వచ్చింది. ఎంత పుండు చూసినా కళ్ళార్పని మనిషి, ఆ పిట్టను చూసి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ కంగారుపడి కొంగుతో ఆమె ముఖం తుడవబోయింది, దొరసాని అన్న సంగతి మరిచిపోయి.

తర్వాత ఆమె తన పుస్తకాల తెలుగులో చెప్పుకొచ్చింది. మాకు గోరింక ఎంత మామూలో తమ ఊళ్ళో ఈ పిట్ట అంత మామూలట. ప్రతి ఇంటి ముందూ ఉంటుంది, ఎవరూ తలెత్తి చూడరు. చలికాలం పోయిందని వాళ్ళకు మొదట చెప్పేది ఇదేనట. ఇంత సముద్రం దాటి రాగలిగే పిట్ట కాదు, గాలివానకు కొట్టుకుపోయి ఏ ఓడ మీదో వాలి ఉంటుంది. ఈ దేశంలో దీన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు, తాను చెప్పినా నమ్మరు. బొంబాయిలో పిట్టల గురించి తెలిసిన పెద్దలున్నారు, వాళ్ళకు చూపించాలి. అందుకని దీన్ని దెబ్బ తగలకుండా పట్టేవాడు కావాలి, ఈ ఊళ్ళో ఎవరున్నారు?

మాలీ, జవాను, నీళ్ళు మోసేవాడు, ముగ్గురూ ఒకే పేరు చెప్పారు. అమ్మ పగిలిన కప్పు ముక్కలు ఏరుతూ తల ఎత్తలేదు.

పాపం ఎల్లిసమ్మకు ఏమీ తెలియదు. పట్టి తెచ్చినవాడికి మంచి ఇనాం ఇస్తానని బజారులో చెప్పించింది. మరుపున పడుతున్న మనిషిని అట్లా ఊరంతటికీ గుర్తుచేసింది. దస్తగిరి గుడిసె కాలింది సరే, మరి దస్తగిరి ఏడి? చచ్చాడా, చస్తే శవమేది? ఈ ప్రశ్న చాయ్ దుకాణంలో మొదలై కాంపౌండు గేటు దాకా వచ్చింది, దాని వెంట నర్సింగం వచ్చాడు.

నర్సింగం మా అన్న పని చేసిన పల్లె రైతు. ఆ ఎండాకాలం రజాకార్లు ఇల్లు తగలబెట్టినప్పుడు ఆయన తమ్ముడు లోపల ఉండిపోయాడు. నిప్పు పెట్టిన వాళ్ళలో చాంద్‌ను ఆయన తన కళ్ళతో చూశాడు. ఇప్పుడు మెదక్‌లో బావమరిది ఇంట్లో ఉంటూ, రోజూ పొద్దున వచ్చి మా గేటు ఎదురుగా రాయి మీద కూర్చునేవాడు. చెడ్డవాడని చెప్పలేను. నా చేతి నీళ్ళు తాగి, సల్లగుండు బిడ్డా అనేవాడు. ఆ మాట వినగానే చెంబు తీసుకుని గబగబా లోపలికి వచ్చేసేదాన్ని.

కట్టెల అర్రకు జానెడు కిటికీ ఒకటి ఉంది, బంగళా గడ్డివైపు. దానికి గోనెపట్టా కట్టాం. నేను రొట్టె తీసుకుపోయినప్పుడల్లా దస్తగిరి ఆ పట్టా దగ్గర చెవి పెట్టి కూర్చుని ఉండేవాడు.

"గా పిట్ట ఏంది బిడ్డా?" అని అడిగాడు ఒకరోజు.

నేను చూసిందంతా చెప్పాను. ఆయన వేళ్ళు మడుస్తూ తనకు తెలిసిన పిట్టల పేర్లన్నీ తనలో తాను అనుకుని, ఒక్కొక్కటే కాదని తీసేశాడు. ఎల్లిసమ్మ చెప్పిన మాట కూడా చెప్పాను.

"అయితె ఇక్కడ దీని జత లేదు."

"జత గాదు చాచా, దాని జాతే లేదంట."

ఆయన రొట్టె ముట్టుకోలేదు.

"మరి ఎవల్ని పిలుస్తున్నది? పొద్దుమాపు ఇంటున్న. ఒక్కసారి పిలిచి ఆగుతది. జవాబొస్తదేమోనని ఆగుతది. రాదు. మల్ల పిలుస్తది. మస్తు పరేషాన్ అయితుంది బిడ్డా. పిట్ట పిలుస్తుంటె ఊకె కూసునుడు నాకు ఎన్నడు అలవాటు లే."

"మీరు జవాబియ్యకుండ్రి, ఎవలన్న ఇంటె ఇంకేమన్న ఉన్నదా" అన్నాను నేను.

"ఎరుకే బిడ్డా, ఎరుకే" అన్నాడు. పట్టా అంచు సర్ది, "మా చాంద్‌ను గూడ ఈలతోనే పిలుద్దును. ఏడుపాయల కాడ మంజీర పొదలల్ల ఎంత దూరమున్నా ఒక్క ఈలకు ఉరికొచ్చెటోడు. గా ఖాకీ బట్టలు తొడిగినంక ఎంత పిలిచినా రాలే" అన్నాడు.

గొంతు తగ్గించకుండానే అన్నాడు. గోడ అవతల మంచం కిర్రుమంది. అన్న విన్నాడని మా ఇద్దరికీ అర్థమైంది.

దసరా వచ్చింది. ఏళ్ళ తరబడి భయంతో చప్పుడు లేకుండా జరిగిన పండుగ ఆ యేడు డప్పులతో జరిగింది. సాయంత్రం జనం కొత్త బట్టలు కట్టుకుని జమ్మిచెట్టు దగ్గరికి బయలుదేరారు. దారి మా కాంపౌండు గోడ పక్కనుంచే. అమ్మ బంగళాలో ఉంది. నేను ఇంటి ముందు బూడిదతో గిన్నెలు తోముతున్నాను. అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

పిట్ట వేపచెట్టు కొసన వాలింది. పగలంతా టుక్ టుక్ అని దగ్గినట్టు అనేదే కానీ పొద్దు వాలేవేళ దాని పిలుపు వేరు. పైకి లేచి, దిగి, మళ్ళీ లేచి, ఎవరినో ఊరడిస్తున్నట్టు ఉండేది. పిలిచి ఆగింది.

కట్టెల అర్రలోంచి జవాబు వచ్చింది.

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. అచ్చం అదే పిలుపు, పిట్ట గొంతులో కంటే మెత్తగా ఉంది. పిట్ట తల అటూ ఇటూ తిప్పింది. మళ్ళీ పిలిచింది, ఈసారి తొందరగా. మళ్ళీ జవాబు. అది కొమ్మ వదిలి గోడ మీదికి, గోడ మీది నుంచి కిటికీ ముందు నేల మీదికి దిగింది. నేను లోపలికి పరుగెత్తి ఆయన నోరు మూయాలని లేచాను. అప్పటికే గోడ అవతల డప్పుల వెంట పోతున్న కాళ్ళలో కొన్ని ఆగాయి. మెదక్‌లో ఆ ఈల ఎరగని చెవి లేదు.

నర్సింగం ముందు వచ్చాడు, వెనక ఇద్దరు పడుచువాళ్ళు. ఆయుధ పూజ చేసిన గొడ్డళ్ళు చేతిలోనే ఉన్నాయి, పసుపూ కుంకుమా ఇంకా రాలలేదు.

"ఈల ఏసింది ఎవరు?" అన్నాడు నర్సింగం.

నేను గుమ్మానికి అడ్డంగా ఎప్పుడు వచ్చి నిలబడ్డానో నాకే తెలియదు. "నేనే" అన్నాను.

పడుచువాళ్ళలో ఒకడు నవ్వాడు. నర్సింగం నవ్వలేదు. "ఏది, మల్ల ఒకసారి ఏయి బిడ్డా" అన్నాడు.

నాలుక మడిచాను. నోరు ఎండిపోయి ఉంది. ఉత్త గాలి వచ్చింది. పెదవులు తడుపుకుని మళ్ళీ ఊదాను. ఈసారి ఈల వచ్చింది, సన్నగా, వంకరగా, సగంలో విరిగి. ముగ్గురు మగవాళ్ళ ముందు, పండుగపూట, మూతి సున్నాలా చుట్టి ఈల వేస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతే బాగుండుననిపించింది, భయం దానికంటే పెద్దది కాబట్టి చావలేదు. పిట్ట ఎప్పుడో ఎగిరిపోయింది.

"ఇది గాదు" అన్నాడు నర్సింగం. "ఏటేట దసరాకు ఈడికొచ్చి నేను, మా తమ్ముడు ఆయన పంజరంల పాలపిట్టను మొక్కి జమ్మికి పోయెటోళ్ళం. ఆ ఈల నాకు ఎరుకే."

అప్పుడు అరుగువైపు తిరిగి, గొడ్డలి కింద పెట్టాడు.

"పంతులూ, ఆనాడు నువ్వు తలుపు తియ్యలే గనుక నా పిల్లలు బతికిండ్రు. నీకు ఏం జేసిండ్రో నేను జూసిన. వేరెవ్వరి మాట నేనినను. నువ్వు చెప్పు. లోపల ఎవరన్న ఉన్నరా?"

నేను అన్న ముఖంలోకి చూడలేకపోయాను. ఆయన తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. నెలల తరబడి గోడ వైపు తిరిగి పడుకుని ఆయన తలచుకున్న తలపేమిటో నాకు తెలుసు. అన్న లేచాడు. నెమ్మదిగా వచ్చి నా పక్కన గుమ్మంలో నిలబడ్డాడు. ఇంటి బయటివాళ్ళ ముందు, ఎండాకాలం తర్వాత మొదటిసారి, నోరు తెరిచాడు.

"మా చెల్లెకు సిన్నప్పటి సంది ఉన్న పాడలవాటు. మా అమ్మ తన్నినా మానదు. పిట్టను జూసి పొద్దటి సంది గిదే పని. మిమ్ముల జూసి నోరెండింది దానికి."

మాటమాటకూ గాలి పోయింది. సగం అక్షరాలు వినబడలేదు. ఇందాక నవ్విన పడుచువాడు అన్న నోటివైపు చూసి తల దించుకున్నాడు. నర్సింగం అన్నవంక చూశాడు, తర్వాత కట్టెల అర్ర వైపు చూశాడు. గొడ్డలి తీసి భుజాన వేసుకుని, "పోదాం పాండ్రి, జమ్మికి పొద్దుపోతది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కడే వచ్చాడు. మసక చీకటి పడుతోంది. అన్న ఇంకా అరుగు మీదే ఉన్నాడు. జమ్మి ఆకు అందరికీ పంచినట్టే అన్న చేతిలో పెట్టి, కళ్ళకద్దుకున్నాడు.

"ఈ ఏడు పాలపిట్ట కానరాలే, పంతులూ" అన్నాడు.

అన్న ఆ ఆకును జేబులో పెట్టుకున్నాడు. నర్సింగం నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత గేటు ఎదుట రాయి మీద ఆయన కనబడలేదు.

ఆ సాయంత్రమే అమ్మ ఎల్లిసమ్మకు అంతా చెప్పేసింది. దొరసాని తెల్లబోయింది. తాను ఇనాం చాటించిన సంగతి గుర్తొచ్చి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పొద్దున్నే మందుల కోసం వ్యాను హైదరాబాదు పోతుంది, నడిపేవాడు మన గాబ్రియేలు, తాను కూడా వెంట కూర్చుంటానంది. ఆ మాట దస్తగిరికి చెబితే ఆయన సంతోషించాడనుకుంటున్నారా? ఊరికే ఎక్కనన్నాడు.

"కిరాయి ఇయ్యకుండ నేను బండెక్క. ఆ అమ్మకు పిట్ట గావాలె గద. గుర్రపు తోక ఎంటికలు నాలుగు తెచ్చియ్యి బిడ్డా."

తెచ్చి ఇచ్చాను. తెల్లవారుతుండగా కిటికీ కింద తడి నేలలో ఆ వెంట్రుకల ఉచ్చులు నాచేత పరిపించి, నడుమ వానపాములు పెట్టించి, పట్టా సందులోంచి ఈల వేశాడు. ఎవరికీ భయపడకుండా, మెల్లగా, ఊరడిస్తున్నట్టు. పిట్ట వెతుక్కోనైనా వెతుక్కోలేదు. నేరుగా వచ్చింది. నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, తల వంచి విని, మళ్ళీ పరుగెత్తింది.

నేను ఉచ్చు విప్పి లోపలికి అందిస్తే ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని మొదటిసారి చూశాడు. ఇటుకరంగు రొమ్ము మీద బొటనవేలు ఆనించి ఉంచాడు. దాని గుండె కొట్టుకోవడం నాకు కనబడుతోంది.

"ఇంత దూరం వచ్చినంక ఒక్కడు జవాబిచ్చిండు" అన్నాడు. "వాడు చిడీమార్."

ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే దాన్ని పంజరంలో పెట్టి తలుపు వేసి, కదిలించి, సరిగ్గా పడిందో లేదో చూశాడు. అలవాటైన చేతులు.

వ్యాను ఎక్కేముందు ఆయన అన్న ముందు ఆగాడు. క్షమించమంటాడని అనుకున్నాను. అనలేదు. అన్న కూడా ఆ మాట కోసం నిలబడినట్టు లేదు. ఇద్దరూ ఒకరి నోటివైపు ఒకరు కాసేపు చూసుకున్నారు. తర్వాత అన్న వ్యాను వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు, దస్తగిరి ఎక్కాడు. ఆయన మీద ఆస్పత్రి దుప్పట్ల మూటలు పేర్చింది అన్నే.

దారిలో ఒక ఊరి దగ్గర కర్రలు పట్టుకున్న గుంపు బండి ఆపిందని గాబ్రియేలు తర్వాత చెప్పాడు. ఎల్లిసమ్మ పంజరం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇదేం పిట్టమ్మా అని అడిగారట. మా ఊరి పిట్ట, దారి తప్పింది, ఇంటికి తీసుకుపోతున్నాను అందట. గుంపంతా పంజరం చుట్టూ మూగి చూసి, వింతగా చెప్పుకుని, బండి పోనిచ్చారు. వెనక మూటలు ఎవరూ తీసి చూడలేదు. హైదరాబాదు చేరగానే దస్తగిరి ఒక మలుపు దగ్గర దిగి జనంలో కలిసిపోయాడు. పిట్ట తిండి ముట్టకుండా మర్నాటికి చచ్చిపోయింది. దాన్ని ఎండబెట్టి బొంబాయి పంపితే అక్కడి పెద్దలు నమ్మలేదట. ఓడలో ఎవరో పెంచుకుంటున్న పిట్ట తప్పించుకుని ఉంటుందన్నారట. అది తనంతట తాను అంతదూరం వచ్చిందంటే వాళ్ళ మనసు ఒప్పలేదు. ఈ సంగతి చెప్పి ఎల్లిసమ్మ ఖాళీ పంజరం అమ్మకు ఇచ్చేసింది.

దస్తగిరి సంగతి మళ్ళీ తెలియలేదు. చాంద్ బతికున్నాడో లేదో కూడా తెలియలేదు. తర్వాత నేను నర్సునై హైదరాబాదులో ఉన్నన్నేళ్ళూ దసరాకు పాలపిట్ట పంజరంతో ఎవరు గుమ్మం ముందుకు వచ్చినా పిట్టను వదిలి మనిషి ముఖం చూసేదాన్ని.

కానీ ఆ యేడు సంగతి చెబుతున్నాను కదా. వ్యాను పోయిన మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే అన్న అరుగు మీద కూర్చుని వేపచెట్టు వైపు చూస్తున్నాడు. ఆ వేళకు రోజూ పిలిచే పిలుపు లేదు. నేను పక్కన కూర్చున్నాను.

"నాకు ఈల రాదు. గాలి పోతది" అన్నాడు అన్న. నావైపు తిరిగి, "నువ్వు ఏయి" అన్నాడు.

నాలుక మడిచి ఊదాను. ఈసారి విరగలేదు. పైకి లేచి, దిగి, మళ్ళీ లేచింది. లోపల అమ్మ ఎసరు పెడుతోంది. ఆమె చేతి గాజులు ఆగాయి. ఇప్పుడు తిడుతుందనుకున్నాను. అమ్మ తిట్టలేదు. గుప్పెడు బియ్యం దేవుని కుండలో పడిన చప్పుడు వినబడింది. కొంచెంసేపటికి ఇంకో గుప్పెడు పడింది.

ముగ్గురం చెట్టువైపు చెవులు పెట్టి చాలాసేపు విన్నాం. పొద్దు పొడిచింది. గోరింకలు ఎప్పటిలాగే అరుస్తున్నాయి.